ముళ్లు లేని కాక్టస్ పెరగడం లేదా?

ప్రశ్న: నా ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్ రెండేళ్లయినా అంతే ఉంది. ఎరువు వేయాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దండి, దాని నడకే అంత. టెక్సాస్ దక్షిణాన, ఈశాన్య మెక్సికోలో పొదల నీడన నేలకు అతుక్కుని బతికే మొక్క ఇది. తొందరపెట్టి ఎరువులు గుప్పిస్తే ఒళ్లు ఉబ్బి పగులుతుంది. మీ ఊళ్లో అసలు ప్రమాదం వానాకాలం. చూరు కిందికి మార్చండి. కుండీలో సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు ఉండాలి. మట్టి అడుగుదాకా ఆరాకే నీళ్లు పోయండి. తడి నిలిస్తే వేరు కుళ్లి, పైకి తెలిసేలోపే మొక్క పోతుంది. వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగలనివ్వకండి. ఇంకోటి కొనేటప్పుడు విత్తనం నుంచి పెంచినదేనా అని తప్పక అడగండి. అడవి నుంచి పెకిలించిన ఈ జాతి మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని, అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం నిషేధించింది.