గుర్రుమనే కుక్కను కొడితే ఏమవుతుంది?

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో, బత్రా సినిమా చుట్టుపక్కల, సాయంత్రం ఏడు దాటాక నడవడానికి చోటు దొరకదు. కోచింగ్ తరగతుల నుంచి బయటపడిన విద్యార్థులు, జిరాక్స్ నోట్సు అమ్మే దుకాణాలు, టీ బండ్లు, ఈ-రిక్షాలు. ఈ సందడిలోనే బండి కింద ఒకటి, మెట్ల మీద ఒకటిగా వీధికుక్కలు. ఇల్లు వదిలి వందల మైళ్లు వచ్చి, ఇరుకు గదుల్లో ఉంటూ పోటీపరీక్షలకు చదివే పిల్లలకు రోజూ తోకాడిస్తూ ఎదురొచ్చే నేస్తం ఒక్కోసారి ఆ కుక్కే. టీ తాగుతూ గ్లూకోజ్ బిస్కెట్ విరిచి వేస్తారు.

ఎవరూ అనుకోకుండానే అక్కడ ఒక పాఠం జరిగిపోతుంది. కుక్క ముందుకాళ్లు ఎత్తి ప్యాంటు మీద ఆనిస్తుంది. ముద్దొచ్చి ఎవరో బిస్కెట్ వేస్తారు. మీదికి ఎగిరితే తిండి దొరుకుతుందని కుక్కకు అర్థమైంది. మర్నాడు అదే కుక్క ఇస్త్రీ చొక్కాతో మాక్ ఇంటర్వ్యూకు వెళ్తున్న వేరొకరి మీదికి ఎగురుతుంది. ఆయన తంతాడు. నేర్పింది ఒకరు, తన్నింది మరొకరు. కుక్కకు మాత్రం ఇద్దరూ మనుషులే.

ఇటువంటి చిన్న సంగతులకు ఢిల్లీలో ఇప్పుడు పెద్ద ప్రాధాన్యం వచ్చింది. దేశ రాజధాని ప్రాంతంలోని వీధికుక్కలను పట్టి షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే కుక్కలను వదలాలని చెప్పింది. రేబిస్ సోకినవి, సోకినట్టు అనుమానం ఉన్నవి, దూకుడు ప్రవర్తన చూపేవి మాత్రం దీనికి మినహాయింపు. వీధుల్లో ఎక్కడబడితే అక్కడ తిండి పెట్టకూడదని, వార్డుల్లో అందుకు స్థలాలు కేటాయించాలని కూడా చెప్పింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలన్న ఉత్తర్వు నవంబరు 7న వచ్చింది.

"దూకుడు ప్రవర్తన" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఒక కుక్క గుర్రుమంది. అది దూకుడా, భయమా? వీధిలో ఉండాలా, పోవాలా అన్నది ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడవచ్చు. ఇంట్లో పెంచే కుక్క విషయంలోనూ ప్రశ్న ఇదే. యజమానుల్లో చాలామంది గుర్రుమన్న కుక్కను కొడతారు, లేదా గొలుసు పట్టి లాగుతారు.

కుక్క ఎలా నేర్చుకుంటుందో ముందు చూద్దాం. గంట మోగితే లాలాజలం ఊరే పావ్లోవ్ కుక్కల కథ పాఠ్యపుస్తకాల్లో చదివిందే. దాన్నుంచి తీసుకోవలసిన ముఖ్య విషయం లాలాజలం కాదు. ఒక సంకేతం తర్వాత మంచి జరిగితే ఆ సంకేతమే మంచిదిగా, చెడు జరిగితే చెడ్డదిగా మారిపోతుంది. కుక్క కోరుకుని చేసే పని కాదిది, దానంతట అదే జరుగుతుంది. ఏ పని చేస్తే ఏ ఫలితం వస్తుందో నేర్చుకోవడం రెండో రకం. దీన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ పిల్లులతో చేసిన ప్రయోగాల్లో గమనించాడు. బి.ఎఫ్. స్కిన్నర్ దాన్ని విస్తరించాడు. 1951లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో జంతువులకు ఎలా నేర్పాలో రాస్తూ, సరైన పని చేసిన క్షణంలోనే 'టిక్' మనే చిన్న శబ్దం చేసి ఆ వెంటనే తిండి పెట్టమన్నాడు. నేటి శిక్షకులు వాడే క్లిక్కర్ వెనుక సూత్రం ఇదే.

ఆ 'టిక్' ఎందుకు పనిచేస్తుందో మెదడులోకి చూస్తే తెలుస్తుంది. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ బృందం కోతులకు పళ్లరసం ఇస్తూ డోపమైన్ కణాలను గమనించింది. అనుకోకుండా రసం దొరికినప్పుడు ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు ఒక సంకేతం ఇవ్వడం అలవాటు చేశాక, రసానికి కాకుండా సంకేతానికే స్పందించాయి. సంకేతం వచ్చాక రసం రాకపోతే వాటి చురుకు తగ్గింది. అంటే మెదడు లెక్క కట్టేది బహుమతిని కాదు, ఆశించినదానికీ దక్కినదానికీ మధ్య తేడాను. ప్రిలిమ్స్ ఫలితాల జాబితాలో తన నంబరు వెతుక్కునే ముఖర్జీ నగర్ విద్యార్థికి ఈ లెక్క ఎవరూ వివరించనక్కరలేదు.

తాయిలం చూపిస్తే కుక్క లొంగింది, అది లంచం కదా అని కొందరు అంటారు. లంచం పనికి ముందు చూపేది, ఇక్కడ తాయిలం పని తర్వాత అందేది. తాయిలం ప్రతిసారీ తిండే కానక్కరలేదు కూడా. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం కుక్కలకు మత్తు ఇవ్వకుండా, కట్టేయకుండా ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పింది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు. అలా నేర్చిన 15 కుక్కల మెదళ్లను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 13 కుక్కల్లో మెచ్చుకోలు మాటకు వచ్చిన స్పందన తిండికి వచ్చినదానితో సమానంగానో ఎక్కువగానో ఉంది. తిండికే ఎక్కువ స్పందించినవి రెండే.

ఇక దండన. "మొరిగే కుక్క కరవదు" అని సామెత. ఇది సగమే నిజం. మొరిగే కుక్క కరవవచ్చు, కానీ ముందుగా చెప్పి కరుస్తుంది. బ్రిటన్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ ఈ చెప్పడాన్ని ఒక నిచ్చెనగా గీసి చూపారు. కింది మెట్లలో ఆవలించడం, మూతి నాక్కోవడం, తల పక్కకు తిప్పుకోవడం ఉంటాయి. తర్వాత అక్కడి నుంచి వెళ్లిపోవడం, చెవులు వెనక్కి వంచి ఒదిగిపోవడం, తోక కాళ్ల మధ్య దాచుకోవడం. ఆపైన శరీరం బిగుసుకుని గుడ్లప్పగించి చూడటం, ఆ తర్వాతే గుర్రుమనడం. గాల్లో కరిచినట్టు నోరు విదిలించడం, కాటు చివరి మెట్లు. కింది మెట్లన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది, దూరంగా ఉండు" అనే అర్థం ఉన్నవే. మనుషులు వాటిని చూడరు, చూసినా తప్పుగా చదువుతారు. తోక ఊపితే సంతోషమనుకుంటారు. బిగుసుకున్న శరీరంతో, నిటారుగా లేపిన తోకను కొద్దికొద్దిగా ఊపే కుక్క సంతోషంగా లేదు.

ఇప్పుడు ఒక ఇంట్లో కుక్క తిండి గిన్నె దగ్గరికి పసివాడు పాకుతూ వచ్చాడనుకుందాం. కుక్క గుర్రుమంది. తండ్రి కర్రతో కొట్టాడు. ఇలా నాలుగైదుసార్లు జరిగాక కుక్క గుర్రుమనడం మానేసింది. దారికొచ్చిందని అందరూ అనుకున్నారు. నిజానికి జరిగినవి రెండు. ఒకటి, గుర్రుమంటే దెబ్బ పడుతుందని నేర్చుకుని ఆ హెచ్చరికను వదిలేసింది. రెండోది పావ్లోవ్ చెప్పినది. పిల్లవాడు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ దెబ్బ పడింది కాబట్టి పిల్లవాడే దెబ్బకు సంకేతమయ్యాడు. భయం పెరిగింది, హెచ్చరిక పోయింది. నిచ్చెనలో మిగిలింది పైమెట్టే. "ఇన్నాళ్లూ ఏమీ అనలేదు, హఠాత్తుగా కరిచింది" అని చెప్పే యజమానుల ఇళ్లలో వెనక్కి వెళ్లి చూస్తే ఇలాంటి కథ కనిపించే అవకాశం ఉంది.

అమెరికాలో మెఘాన్ హెరాన్ బృందం 2009లో ప్రచురించిన సర్వేలో 140 మంది యజమానులు పాల్గొన్నారు. ప్రవర్తన సమస్యలతో కుక్కలను ఆసుపత్రికి తెచ్చినవారు వీరు. కొట్టడమో తన్నడమో చేసినవారిలో 43 శాతం మంది కుక్కలు తిరిగి దూకుడు చూపాయి. బలవంతంగా వెల్లకిలా పడేసి అదిమినవారిలో ఇది 31 శాతం. కుక్కను ఇలా అదమాలన్న సలహా వెనుక ఒక పాత అపోహ ఉంది. బోనులో ఉంచిన అపరిచిత తోడేళ్ల కీచులాటలు చూసి, తోడేళ్ల గుంపు అంటే 'నాయకుడి' కోసం పోరాటమేనని 1940ల్లో అనుకున్నారు. అడవిలోని గుంపు మామూలుగా తల్లి, తండ్రి, పిల్లలు ఉన్న కుటుంబమేనని డేవిడ్ మెక్ 1999లో వివరంగా రాశాడు. నాయకుడి సిద్ధాంతాన్ని ప్రచారంలో పెట్టిన పాత పుస్తకాల్లో ఆయనదీ ఒకటి.

పోర్చుగల్‌లో ఆనా కాటరీనా వియెరా డి కాస్ట్రో బృందం 2020లో ప్రచురించిన పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏడు శిక్షణశాలల నుంచి 92 పెంపుడు కుక్కలను తీసుకున్నారు. దండనతో నేర్పే చోట్ల కుక్కలు శిక్షణ సమయంలో ఎక్కువగా మూతి నాక్కున్నాయి, ఆవలించాయి. శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరిగింది. తర్వాత వాటికి మరో పరీక్ష పెట్టారు. గదిలో ఒకవైపు గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, మరోవైపు ఎప్పుడూ ఉండదు. ఇది అలవాటయ్యాక గిన్నెను ఆ రెండింటికీ మధ్యలో పెట్టారు. దండన ఎక్కువగా వాడే శాలల కుక్కలు ఆ గిన్నె దగ్గరికి నెమ్మదిగా వెళ్లాయి. అందులో ఏమీ ఉండదన్నట్టు. ఏ కుక్క ఏ శాలకు వెళ్లాలో నిర్ణయించింది పరిశోధకులు కాదు, యజమానులే. కాబట్టి తేడా అంతా శిక్షణ వల్లే అని ఖాయంగా చెప్పలేం. అయితే పిలిస్తే రాని 63 కుక్కల మీద బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం కూడా ఇదే వైపు చూపింది. విద్యుత్ షాక్ ఇచ్చే మెడపట్టీ వాడిన శిక్షణ కంటే తాయిలాల శిక్షణ ఏ విధంగానూ తక్కువ ఫలితమివ్వలేదు. కొన్ని అంశాల్లో మెరుగైన ఫలితమే ఇచ్చింది.

ఈ ప్రయోగాలన్నీ పెంపుడు కుక్కల మీదే జరిగాయి. ముఖర్జీ నగర్ వీధికుక్కలకు ఇవి ఎంతవరకు వర్తిస్తాయన్నది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం ఏళ్లుగా వీధికుక్కలను వీధుల్లోనే పరిశీలిస్తోంది. ఒక పరిశోధనలో అపరిచితుడు కొన్ని కుక్కలకు తిండి పెట్టాడు, కొన్నింటి తల నిమిరాడు. ఇది పదేపదే జరిగినప్పుడు నిమిరించుకున్న కుక్కలే అతడిని ఎక్కువగా నమ్మాయి. 2020 నాటి మరో అధ్యయనంలో 160 వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి మనిషి ఒకదానివైపు వేలు చూపించాడు. సుమారు సగం కుక్కలు బెదిరి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం, ఏ శిక్షణా లేకుండానే, చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. మనిషి సైగ చదవగల తెలివి వాటికి ఉంది. రానివాటికి అడ్డం పడింది భయం.

ఆ భయం ఎక్కడ మొదలవుతుందో అదే బృందం లెక్కలు కొంత చెబుతాయి. 95 ఈతల్లోని 364 వీధి కుక్కపిల్లలను గమనిస్తే, పునరుత్పత్తి వయసు దాకా బతికినవి 19 శాతమే. చనిపోయినవాటిలో 63 శాతం మరణాల వెనుక ఏదో ఒక రూపంలో మనుషులున్నారు. కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే వయసు సుమారు మూడో వారం నుంచి 12-14 వారాల దాకా. ఆ రోజుల్లో మనిషంటే రాయి, బండి చక్రం అయితే పెద్దయ్యాక ఆ కుక్కకు చనువు నేర్పడం కష్టం. పెంపుడు కుక్కపిల్లకూ ఇదే వయసు కీలకం.

కుక్కకు తిండి, నీడతో పాటు కావలసినవి ఇంకొన్ని ఉన్నాయి. అడ్డంకి లేని నిద్ర మొదటిది. పెద్ద కుక్క రోజులో సగం దాకా నిద్రలో గడుపుతుంది. రాత్రి రెండింటిదాకా టీ బండ్లు, హారన్లు ఆగని వీధిలో పగలు మెట్ల మీద పడుకున్న కుక్కను కాలితో లేపితే అది విసుక్కోవడంలో వింత లేదు. వాసన చూసే తీరిక రెండోది. పెంపుడు కుక్కను షికారుకు తీసుకెళ్లి ప్రతి స్తంభం దగ్గరా గొలుసు పట్టి లాగేవారు, పేపరు చదువుతున్న మనిషి చేతిలోంచి పేజీలు లాక్కుంటున్నట్టే. అన్నింటికన్నా ముఖ్యం, వద్దనిపిస్తే తప్పుకునే వీలు. గొలుసుతో మూలకు కట్టేసిన కుక్కకు నిచ్చెనలోని "వెళ్లిపోవడం" అనే మెట్టే ఉండదు.

ఇదంతా కుక్కల వైపే చెబుతున్నట్టుంటే ఇంకో వైపు కూడా చూడాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ తండ్రికి కార్టిసాల్ లెక్కలు చెప్పి ఊరడించలేం. గుంపుగా వేటకు అలవాటుపడిన కుక్కలను తాయిలంతో మార్చవచ్చని ఏ శాస్త్రవేత్తా చెప్పడం లేదు. వాటిని పట్టి తరలించవలసిందే. కరిచినది ఏ కుక్కయినా, గాయాన్ని సబ్బు నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. కోల్‌కతా ప్రయోగం చదివి తెలియని కుక్క తల నిమరడానికి చేయి చాచకూడదు. అయితే కొట్టడం, తన్నడం వల్ల దూకుడు తగ్గుతుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం దొరకడం లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం కూడా.

బైకుల వెంట పడే కుక్కనే తీసుకోండి. కదిలేదాన్ని తరమడం దాని సహజ గుణం. బైకు ఎలాగూ వెళ్లిపోతుంది. మొరిగి తరిమితే పోయిందని కుక్కకు అనిపిస్తుంది. ఇబ్బంది తొలగిపోవడం కూడా బహుమతే కాబట్టి ఎవరూ బిస్కెట్ వేయకుండానే ఆ అలవాటు రోజూ బలపడుతుంది. బండి మీద నుంచి తన్నితే బైకు నిజంగానే శత్రువని రుజువవుతుంది. వేగం తగ్గించి, కుదిరితే ఆపేస్తే తరమడానికి ఏమీ మిగలదు.

టీ బండి దగ్గర ఎగిరే కుక్కకూ మందు ఇలాంటిదే. కేటాయించిన చోట తిండి పెట్టేటప్పుడు, ఎగిరినంతసేపూ చేయి వెనక్కి పెట్టుకుని పక్కకు తిరగాలి, తిట్టకూడదు. నాలుగు కాళ్లూ నేల మీద పడిన క్షణంలోనే వేయాలి, రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే కుక్క అప్పటికి మరో పనిలో ఉంటుంది. మొదట్లో అది ఇంకా ఎక్కువ ఎగురుతుంది. ఇదివరకు పనిచేసిన ఉపాయం ఫలించనప్పుడు దాన్నే గట్టిగా ప్రయత్నించడం ఏ ప్రాణికైనా సహజం. అక్కడ చాలామంది ఓపిక నశించి బిస్కెట్ వేసేస్తారు. ఎప్పుడో ఒకసారి దొరికే బహుమతి, ప్రతిసారీ దొరికేదానికన్నా అలవాటును మొండిగా చేస్తుందని స్కిన్నర్ ప్రయోగాలు చూపాయి. పది మంది చేయి వెనక్కి పెట్టుకున్నా పదకొండోవాడు వేస్తే చాలు, ఆ కుక్క ఇంకో వారం ఎగురుతుంది.