పోటీ పరీక్షల ప్రత్యేకం: ఉరుముల వానకు ముందు గాలి అస్థిరతను కొలిచే తీరు

కడప జిల్లా వీరపునాయునిపల్లె, పులివెందుల ప్రాంతాల్లో వేసవి ఎండకు నేల బాగా వేడెక్కి, దానికి బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి తోడైనప్పుడు పిడుగులు, ఈదురుగాలులతో అకాల వర్షం కురిసి అరటి తోటలు నేలకొరుగుతాయి. ఈ ముప్పును ముందే పసిగట్టడానికి వాతావరణ అస్థిరతను, అంటే పైకి లేచిన గాలి పరిసర గాలికన్నా వెచ్చగా, తేలికగా ఉండి తనంతట తానే ఇంకా పైకి పోయే స్థితిని, కొలుస్తారు.

ఇందుకు ఆధారం రేడియోసాండ్. ఉదయం, సాయంత్రం 5.30 గంటల పరిశీలనల కోసం బెలూన్‌కు కట్టి వదిలే ఈ పరికరం వివిధ ఎత్తుల్లోని ఉష్ణోగ్రత, తేమ, పీడనాల విలువలను రేడియో సంకేతాలుగా పంపుతుంది. వాటి నుంచి లెక్కించే సూచికల్లో ముఖ్యమైన 'కేప్', పైకి లేచే గాలికి దక్కే తేలుడు శక్తిని కిలోగ్రాముకు ఇన్ని జౌల్‌లని తెలుపుతుంది. 1000 దాటితే ఓ మోస్తరు అస్థిరతగా, 2500 దాటితే తీవ్ర అస్థిరతగా స్థూలంగా పరిగణిస్తారు. లిఫ్టెడ్ ఇండెక్స్ అంటే 500 హెక్టాపాస్కల్ పీడన స్థాయిలో పరిసర ఉష్ణోగ్రత నుంచి అక్కడికి లేచిన గాలి ఉష్ణోగ్రతను తీసివేయగా వచ్చే సంఖ్య కాబట్టి, అది రుణాత్మకమైతే అస్థిరత ఉన్నట్టు. అభ్యర్థులు ఈ గుర్తును ప్రత్యేకంగా గమనించాలి.

కేప్ ఎంత ఎక్కువైనా, కింది పొరల్లో గాలిని అణచిపెట్టే 'సిన్' అనే నిరోధాన్ని ఛేదించే ప్రేరణ లేకపోతే మేఘం ఎదగదు. ఇలా గాలి పైకి లేచే కదలికనూ కొలవవచ్చు: తిరుపతి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్‌తో నిలువు గాలులను నేరుగా కొలుస్తుంది.