పొద్దున బిగిసి, మధ్యాహ్నానికి పరుగెత్తే మోకాలు

కీళ్ళవాతం అనగానే మనకి మోకాళ్ళు పట్టుకుని మూలిగే బామ్మ గుర్తొస్తుంది. మా చిన్నదానికి మూడున్నరేళ్ళప్పుడు డాక్టరు ఆ మాట అంటే నేనూ నమ్మలేదు. ఎక్కడో పడి ఉంటుందిలే అని అప్పటికే రెండు నెలలు గడిపేశాం. 16 ఏళ్ళలోపు పిల్లలకి కీలు వాచి 6 వారాలైనా తగ్గకపోతే, వేరే కారణమేదీ కనబడకపోతే, ఈ జబ్బేనంటారు. మందు రాసేది డాక్టరే అయినా పొద్దున్నే మంచం దగ్గర నిలబడేది మనం. మా ఇంట్లో పనికొచ్చినవి ఇవి.

1. బడికి టైమవుతోందని దుప్పటి లాగేయకండి. రాత్రంతా కదలని కీళ్ళు తెల్లారేసరికి బిగుసుకుపోతాయి. మా పాప మంచం పట్టె పట్టుకుని దిగి, ఎడమ మోకాలు చాపకుండా మునివేళ్ళ మీద గోడవారగా నడిచేది. పదింటికల్లా పక్కింటి పిల్లల వెంట పరుగులు! "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అన్నవాళ్ళున్నారు. వేషం కాదు, ఈ జబ్బు తీరే అంత. అరగంట ముందు లేపి, పక్కమీదే సైకిలు తొక్కినట్టు కాళ్ళు ఆడించండి. తర్వాత వేణ్ణీళ్ళు. మేం బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో మోకాళ్ళు మునిగేలా గోరువెచ్చని నీళ్ళు పోసి పది నిమిషాలు కూర్చోబెడతాం. చెంబుతో ముంచుతూ పోస్తూ ఆడుకుంటుంది. మణికట్టుకి అదే వ్యాయామం.

2. పొద్దున్నే కుంటే నడకని ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. ఆసుపత్రిలో మన నంబరు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది, అప్పటికి పిల్ల శుభ్రంగా నడుస్తుంటుంది. మా డాక్టరు ఆ వీడియో మూడుసార్లు చూశారు. రక్తపరీక్షలో ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చిందని ఊరుకోకండి. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి అది నెగటివే.

3. డాక్టరు మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే అది వారానికి ఒక్కసారే. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి. రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఓసారి ఊరెళ్ళినప్పుడు మా అమ్మ, పాపం, జ్వరం మాత్రలాగే మర్నాడు కూడా వేయబోయింది. అప్పట్నుంచీ ఆ డబ్బా విడిగా బీరువాలో ఉంటుంది. వేసినరోజు క్యాలెండరులో ఎర్ర పెన్నుతో సున్నా చుడతాం. కొందరు పిల్లలకి మందు చూస్తేనే డోకొస్తుంది. డాక్టరు సరేనంటే శనివారం రాత్రి అన్నం తిన్నాక వేయండి, నలతగా ఉన్నా ఆదివారంతో పోతుంది.

4. అన్నిటికన్నా నాకు భయం కంటి గురించే. ఈ జబ్బు కొందరు పిల్లలకి కంటి లోపల వాపు తెస్తుంది. చాలామందిలో కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు, నీరు కారదు. మనకి తెలిసేసరికి చూపు దెబ్బతినొచ్చు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తేనే బయటపడుతుంది. రక్తపరీక్షలో ఏఎన్ఏ పాజిటివ్ వచ్చిన చిన్నపిల్లలకైతే మూడు నెలలకోసారి చేయించమంటారు. మోకాలు బాగైందని ఈ పరీక్ష మానకండి.

5. వంకాయ వాతం, గోంగూర వాతం, కందిపప్పు వాతం. ఇలా ఒక్కోటీ మాన్పించుకుంటూ పోతే కంచంలో మిగిలేది చారే. అసలే ఆకలి మందగించిన పిల్ల. ఏం తింటే అది పెట్టండి. పాలు, గుడ్డు, రాగిజావ ఎముకలకి మంచివి. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు మాత్రం ఉప్పెక్కువుండే ఆవకాయకీ అప్పడాలకీ కళ్ళెం వేయాలి.

6. వాచిన కీలుని నూనె పెట్టి గట్టిగా పిసకడం, విరవడం వద్దు. ఊరూపేరూ లేని పొడులు అసలే వద్దు, వాటిల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్ళున్నారు.

7. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతుంటే ఎంఎంఆర్ లాంటి టీకాలు, పోలియో చుక్కలు డాక్టరుని అడక్కుండా వేయించకండి. వీధిలో ఎవరికైనా ఆటలమ్మ పోసి, మన పిల్ల వాళ్ళతో ఆడి ఉంటే, పొక్కులు వచ్చేదాకా ఆగకుండా ఆరోజే ఫోను చేయండి.

8. టీచరుతో ఓ పావుగంట కూర్చుని మాట్లాడండి. గుంజీలు తీయించొద్దని, మోకాళ్ళ మీద నిలబెట్టొద్దని, పీరియడ్ మధ్యలో లేచి నాలుగడుగులు వేస్తే కోప్పడొద్దని చెప్పండి. బడిలో మరుగుదొడ్డి కింద కూర్చునే మామూలుదైతే, పైన పెట్టుకునే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ మనమే కొనిచ్చినా తప్పులేదు. మేమలాగే ఇచ్చాం. పుస్తకాలు ఇంకో సెట్టు కొని బడిలోనే ఉంచితే బ్యాగు బరువు సగం తగ్గుతుంది.

9. ఆట మాన్పించకండి. కదలని కీలు ఇంకా బిగుస్తుంది, చుట్టూ కండ సన్నబడుతుంది. ఈత దొరికితే అదృష్టం, లేకపోతే మూడుచక్రాల సైకిలు. వాపు ఎక్కువున్న రోజుల్లో మాత్రం తొక్కుడుబిళ్ళ లాంటి గెంతులాటలు వద్దు.

10. ఊరికే ఎత్తుకోకండి. మా మామగారికి మనవరాలు మెట్లెక్కుతుంటే చూడటం కష్టంగా ఉండి భుజాన వేసుకునేవారు. ఫిజియో అమ్మాయి గట్టిగా చెప్పాక మానుకున్నారు. ఇప్పుడు కింద మెట్టు దగ్గర చెయ్యి అందించి, మెట్టు మెట్టుకీ ఆగుతూ, లెక్క తప్పినట్టు నటిస్తారు. "పదకొండు కాదు తాతయ్యా, పది" అని దిద్దుతూ అది పైకి వచ్చేస్తుంది.