పసిబిడ్డల తుంటి కీలు: పుట్టుకతో వచ్చే లోపం

నడక నేర్చిన పాప ఒక పక్కకు ఒరుగుతూ అడుగులు వేస్తుంటే ఇంటిల్లిపాదీ ముచ్చటపడతారు. "నాలుగు రోజులు పోతే నడక అదే కుదురుకుంటుంది" అని పెద్దలు ధైర్యం చెబుతారు. కాని ఆ ఒరుగుదలకు కారణం పుట్టుకతోనే తప్పిన తుంటి కీలు అయితే, ఎదురుచూసిన ప్రతి నెలా చికిత్సను మరింత కష్టతరం చేస్తుంది.

లోపం ఏమిటి?

తుంటి బంతిగిన్నె కీలు. తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గుంటలో ఇమిడి తిరుగుతుంది. కొందరు శిశువులలో ఈ గుంట లోతు తక్కువగాను, కీలును పట్టి ఉంచే బంధనాలు వదులుగాను ఉంటాయి. అప్పుడు బంతి గుంటలో నిలువక కొంత జారవచ్చు. పూర్తిగా వెలుపలికీ రావచ్చు. బంతి తన స్థానంలో ఉన్నప్పుడే గుంట సరైన లోతుతో పెరుగుతుంది. తొందరపడవలసిన కారణం ఇదే.

వేయిమంది శిశువులలో ఒకరిద్దరికి కీలు పూర్తిగా తొలగి ఉంటుంది. ఆడపిల్లలలోను, ఎడమ తుంటిలోను ఇది ఎక్కువ. గర్భంలో పిరుదులు క్రిందికి ఉన్న బిడ్డలు, తొలిచూలు బిడ్డలు, ఉమ్మనీరు తగ్గిన గర్భంలో పెరిగినవారు, కుటుంబంలో ఈ లోపం ఉన్నవారు ప్రత్యేకంగా పరీక్షింపబడాలి. గ్రహణం నాడు తల్లి కదిలినందువల్ల వచ్చిందని ఆమెను నిందించడం అన్యాయం.

గుర్తించడం ఎలా?

పసితనంలో ఈ లోపం నొప్పి కలిగించదు. అందువల్ల బిడ్డ ఏడ్వదు. తల్లి కన్నే కనిపెట్టాలి. స్నానం చేయించేటప్పుడు బిడ్డను వెల్లకిల పడుకోబెట్టి ఈ క్రింది విషయాలు గమనించండి.

1. మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనించినప్పుడు ఒక మోకాలు క్రిందుగా ఉన్నదా?
2. తొడలు రెండూ సమానంగా విచ్చుకుంటున్నాయా?
3. తొడల మడతలు రెండు ప్రక్కలా ఒకే తీరుగా ఉన్నాయా? మడతలలో తేడా ఒక్కటే ఉంటే భయపడనక్కరలేదు; వైద్యునికి చూపించండి.

రెండు తుంట్లూ తప్పినప్పుడు ఈ తేడాలు కనిపించకపోవచ్చు. నడక వచ్చాక బిడ్డ బాతువలె ఊగుతూ నడుస్తుంది.

శిశువు పుట్టగానే వైద్యుడు తొడలను మెల్లగా కదిపి కీలును పరీక్షిస్తాడు. ఇటలీ వైద్యుడు ఓర్టొలానీ 1937లో వివరించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. మొదటి నెలలలో అల్ట్రాసౌండు, నాలుగైదు నెలలు దాటాక ఎక్స్‌రే లోపాన్ని నిర్ధారిస్తాయి.

చికిత్స

ఆరు నెలల లోపు అయితే పావ్లిక్ పట్టీలు చాలామందికి సరిపోతాయి. ఇవి తొడలను మడిచి, ఎడంగా నిలిపి, బంతిని గుంటలో ఉంచుతాయి. ఆ వయస్సు దాటితే మత్తు ఇచ్చి కీలు సరిచేసి, నడుము నుండి కాళ్ళ వరకు పిండికట్టు వేయవలసి రావచ్చు. ఏడాదిన్నర దాటితే తరచు శస్త్రచికిత్సే శరణ్యం. ఉపేక్షిస్తే యౌవనంలోనే కీలు అరిగి కుంటితనం, నొప్పి మిగులుతాయి.

ఇంట్లో చేయదగినవి, చేయరానివి

సుశ్రుతుడు కీళ్ళు తప్పడాన్ని సంధిముక్తమని పేర్కొని, దెబ్బల వల్ల కలిగే ఆరు విధాలను వర్ణించాడు. పుట్టుకతో వచ్చే ఈ లోపం వేరు. నువ్వులనూనె మర్దన బిడ్డకు హాయినిస్తుంది గాని తప్పిన కీలును గుంటలోకి చేర్చదు. స్నానవేళ కాళ్ళు పట్టి లాగడం, పాదాలు పట్టి తలక్రిందులుగా ఎత్తడం కూడదు. కాళ్ళు చాపి బిగించి గుడ్డ చుట్టడం మరీ హానికరం. జపానులో 1975 నుండి ఈ అలవాటును మాన్పించే ప్రచారం జరిగాక తుంటి లోపాలు ఎంతో తగ్గాయి. గుడ్డ చుట్టినా కాళ్ళు మడిచి కదిలించే వీలుండాలి.

మెడ నిలిచిన బిడ్డను తొడలు ఎడంగా ఉండేలా చంకన ఎత్తుకోవడం మన ఇళ్ళలోని మంచి అలవాటు. దానిని కొనసాగించండి. అనుమానం కలిగితే మాత్రం నడక వచ్చేదాకా ఆగక, వెంటనే ఎముకల వైద్యునికి చూపించండి.