సర్వర్ గదికి రెండో దారి: రిమోట్ యాక్సెస్ స్విచ్‌లు ఎలా అమర్చాలి?

మంథని దగ్గరి సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2010లో మొదలైంది. అక్కడ కంప్యూటర్స్, ఈసీఈ చదివి హైదరాబాద్ బస్సెక్కే పిల్లలను ఏ ఉద్యోగం చూస్తున్నావని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు కోడింగే. డేటా సెంటర్ కొలువుల ముచ్చట ఎవరూ పెద్దగా ఎత్తరు. కానీ అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన హైదరాబాద్ రీజియన్‌ను 2022 నవంబర్‌లో తెరిచింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో డేటా సెంటర్లు కడతామని ప్రకటించింది. కంట్రోల్‌ఎస్ లాంటి మన సంస్థలు అంతకు ముందు నుంచే ఇక్కడ ఉన్నాయి. ఈ డేటా సెంటర్ హాళ్లలో రాక్‌లు నిలబెట్టే వాళ్లు, కేబుళ్లు లాగే వాళ్లు, అర్ధరాత్రి పడిపోయిన సర్వర్‌ను లేపే వాళ్లు కావాలి.

ఆ పనిలో కొత్తగా చేరినవారి చేతికి తొందరగా వచ్చేది రిమోట్ యాక్సెస్ సెటప్. ఆపరేటింగ్ సిస్టమ్ పనిచేయని సర్వర్‌ను కూడా ఇంటి నుంచి చూసి, బాగుచేసి, రీబూట్ చేయగలగడం దీని ఉద్దేశం. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, ఇది సరిగా ఉందో లేదో అన్నీ ఆగిపోయిన రోజునే తెలుస్తుంది. అందుకే మొదటి నుంచీ ఒక్క సూత్రం పట్టుకోవాలి: దేన్ని కాపాడడానికి ఈ దారి వేస్తున్నామో, దాని మీద ఈ దారి ఆధారపడకూడదు.

ఏ పరికరం దేనికి?

కేవీఎం ఓవర్ ఐపీ స్విచ్ సర్వర్ తెరను, కీబోర్డును, మౌస్‌ను నెట్‌వర్క్ మీదుగా మీ ల్యాప్‌టాప్‌కు తెస్తుంది. ఏటెన్, రారిటన్, వెర్టివ్ వారి అవోసెంట్ లాంటి బ్రాండ్లు మార్కెట్లో ఉన్నాయి. కొత్త సర్వర్లలో ఇదే పని చేసే చిన్న కంప్యూటర్ మదర్‌బోర్డు మీదే ఉంటుంది. దాన్ని బీఎంసీ అంటారు. డెల్‌లో దాని పేరు ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో. స్విచ్‌లకు, రౌటర్లకు తెర ఉండదు కాబట్టి వాటి సీరియల్ పోర్టులను కన్సోల్ సర్వర్‌కు కలుపుతారు. చాలా వాటికి స్పీడు 9600 అని పెడితే చాలు. నాలుగోది రిమోట్‌గా ప్లగ్ ఆన్, ఆఫ్ చేయగల పీడీయూ. ఈ నాలుగూ కలిస్తేనే దారి పూర్తవుతుంది.

హాల్లోకి వెళ్లే ముందు

ముందుగా ఒక షీట్ తయారు చేయండి. సర్వర్ పేరు, రాక్ నంబర్, ఎన్నో యూనిట్‌లో ఉంది, వీడియో పోర్టు వీజీఏనా హెచ్‌డీఎంఐనా డిస్‌ప్లే పోర్టా, కేబుల్ ఎన్ని మీటర్లు, పీడీయూలో ఏ ప్లగ్. ఈ వివరాలు లేకుండా, సర్వర్‌ను కేవీఎం స్విచ్‌కు కలిపే డాంగుళ్లు ఆర్డర్ పెడితే సగం పనికిరావు. డాంగుల్ నుంచి స్విచ్ దాకా క్యాట్ 6 కేబుల్ చాలా మోడళ్లలో 30 నుంచి 50 మీటర్ల వరకే పనిచేస్తుంది. అంతకు మించితే తెర మసకబారుతుంది, లేదా అసలు రాదు. మీ మోడల్ మాన్యువల్‌లో హద్దు ఎంతో చూసుకోండి.

బిగించేటప్పుడు

కేవీఎం స్విచ్ వెనుక వరుసగా ఆర్‌జే45 పోర్టులు ఉంటాయి. చూడడానికి నెట్‌వర్క్ పోర్టుల్లాగే ఉన్నా, అవి ఈథర్‌నెట్ పోర్టులు కావు. డాంగుల్ కేబుల్‌ను ప్యాచ్ ప్యానెల్ మీదుగా తీసుకెళ్లి ఎవరో ఈథర్‌నెట్ స్విచ్‌లో పెట్టారంటే తెర రాదు. కారణం వెతకడానికే పూట గడుస్తుంది. అందుకే ఈ కేబుళ్లకు వేరే రంగు వాడండి, రెండు కొసలకూ లేబుల్ అంటించండి.

డాంగుల్‌కు కరెంటు సాధారణంగా సర్వర్ యూఎస్‌బీ నుంచే అందుతుంది. సర్వర్ పూర్తిగా ఆఫ్ అయితే డాంగుల్ కూడా ఆరిపోయి, స్విచ్ మెనూలో ఆ పోర్టు ఖాళీగా కనిపిస్తుంది. కేబుల్ పోయిందనుకుని తొందరపడకండి. కేవీఎం ఒక్కటే ఉంటే ఆఫ్ అయిన సర్వర్‌ను ఆన్ చేయలేరన్నదీ ఇక్కడే అర్థమవుతుంది. దానికి బీఎంసీ గానీ పీడీయూ గానీ కావాలి.

పీడీయూ దగ్గర ఇంకో మెలిక ఉంది. సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు ఉంటే ఒక్క ప్లగ్ ఆఫ్ చేసి ఆన్ చేసినంత మాత్రాన అది రీబూట్ కాదు. రెండు పీడీయూల్లోని రెండు ప్లగ్గులనూ కలిపి ఒక గ్రూపుగా పెట్టాలి. లేబుల్ తప్పు పడితే పక్క సర్వర్ ఆగిపోతుంది. అది ఇంకో కస్టమర్‌దైతే ఫోన్లు మోగడం మొదలవుతుంది. కేవీఎం స్విచ్‌కు, కన్సోల్ సర్వర్‌కు కూడా ‘ఏ’, ‘బీ’ అనే రెండు వేర్వేరు కరెంటు ఫీడ్‌ల నుంచి ఒక్కో లైన్ ఇవ్వండి.

ఈ పరికరాల నెట్‌వర్క్ ఎందుకు వేరుగా ఉండాలి?

2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్ ఇంజినీర్లు మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ కంపెనీ డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ మొత్తాన్ని తెంపేసింది. ఇలాంటప్పుడు వాడాల్సిన విడి నెట్‌వర్క్ కూడా ఆ రోజు పనిచేయలేదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. చివరికి మనుషులను డేటా సెంటర్లకు పంపి, భద్రతా తలుపులన్నీ దాటించి సరిచేయాల్సి వచ్చింది. సేవలు తిరిగి రావడానికి దాదాపు ఆరు గంటలు పట్టింది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ పడిపోయినప్పుడూ ఇదే జరిగింది. మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూడా ఆగిపోయిన కోర్ నెట్‌వర్క్ మీదే నడుస్తుండడంతో సిబ్బందికే దారి మూసుకుపోయింది.

అందుకే వీలాన్ ఒక్కటి వేరు చేస్తే చాలదు, స్విచ్ కూడా వేరే ఉండాలి. బయటికి వెళ్లే లైన్ ఇంకో ఆపరేటర్‌ది తీసుకోండి. రెండు ఆపరేటర్ల ఫైబర్ ఒకే గొట్టంలోంచి వస్తోందేమో అడిగి తెలుసుకోండి, లేకపోతే ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ తెగుతాయి. 4జీ రౌటర్ పెడితే యాంటెన్నాను రాక్ బయట ఉంచండి, ఇనుప అల్మారా లోపల సిగ్నల్ అందదు. లాగిన్లు కంపెనీ డైరెక్టరీ మీదే ఆధారపడకుండా పరికరంలోనే ఒక లోకల్ అకౌంట్ ఉంచి, దాని పాస్‌వర్డ్‌ను సీల్డ్ కవర్‌లో గానీ, నెట్‌వర్క్ లేకున్నా తెరుచుకునే వాల్ట్‌లో గానీ భద్రపరచండి.

బీఎంసీ సెట్టింగ్ కూడా ఒకసారి చూడండి. కొన్ని సర్వర్లలో అది ఫెయిలోవర్ మోడ్‌లో వస్తుంది. ప్రత్యేక పోర్టుకు కేబుల్ లేకపోతే బీఎంసీ చప్పుడు లేకుండా మామూలు నెట్‌వర్క్ పోర్టు మీదికి వెళ్లిపోతుంది. అప్పుడు మీ సర్వర్ల తాళాలు ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరికీ కనిపిస్తాయి. డెడికేటెడ్ అని మార్చి సేవ్ చేయండి.

భద్రత

పాత ఐడ్రాక్‌లో యూజర్ రూట్, పాస్‌వర్డ్ కాల్విన్ అన్నది ప్రపంచమంతా తెలిసిన రహస్యం. మొదటి లాగిన్‌లోనే మార్చండి. బీఎంసీకి గానీ కేవీఎంకు గానీ పబ్లిక్ ఐపీ ఎన్నడూ ఇవ్వకండి, వీపీఎన్ వెనకాలే ఉంచండి. బీఎంసీతో మాట్లాడడానికి వాడే ఐపీఎంఐ 2.0 ప్రోటోకాల్‌లో లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్ బయటికి వచ్చే లోపం డిజైన్‌లోనే ఉంది. అవసరం లేకుంటే దాన్ని ఆపేసి బ్రౌజర్ కన్సోల్ వాడండి. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారన్న లాగ్ వేరే సర్వర్‌కు వెళ్లాలి.

పరీక్షించకుండా సంతకం పెట్టకండి

మెయింటెనెన్స్ విండో తీసుకుని మెయిన్ లింక్ నిజంగానే పీకండి. ఇంటి నుంచి రెండో లైన్‌లో లాగిన్ అయి, ఒక సర్వర్‌ను రీబూట్ చేసి బయోస్‌లోకి వెళ్లి చూడండి. రీబూట్‌లో తెర రిజల్యూషన్ మారేటప్పుడు చిత్రం రెండు మూడు సెకన్లు ఆగుతుంది, ఆలోపే ఎఫ్2 నొక్కాల్సిన సమయం దాటిపోతుంది. అందుకని ఐడ్రాక్‌లో తదుపరి బూట్ నేరుగా బయోస్‌కే వెళ్లేలా ముందే ఎంచుకోండి. ఐఎస్ఓ ఫైలును ఇంటి ల్యాప్‌టాప్ నుంచి మౌంట్ చేస్తే ఇన్‌స్టాలేషన్‌కు గంటలు పడుతుంది. దాన్ని డేటా సెంటర్‌లోనే ఒక షేర్‌లో పెట్టుకోండి.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాత డెస్క్‌టాప్ ఒకటి, రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే పైకేవీఎం ఉంటే మంథనిలో ఇంట్లో కూర్చునే ఇందులో చాలా భాగం సాధన చేయొచ్చు. ఇంటర్వ్యూలో ఆ సెటప్ గురించి, దాన్ని ఏ ఏ రకాలుగా పడగొట్టి మళ్లీ లేపారో చెప్పండి. సర్టిఫికెట్ కన్నా ఆ వివరమే ఎక్కువ పనిచేస్తుంది.

ఉద్యోగంలో చేరాక మొదటి వారంలోనే మీ టీమ్ లీడ్‌ను ఒక్క మాట అడగండి: "సార్, మెయిన్ నెట్‌వర్క్ మొత్తం పోతే మనం లోపలికి ఎలా వెళ్తాం?" జవాబు కాగితం మీద లేకపోతే, రాసే బాధ్యత మీరే తీసుకోండి.