బండి దిగే ముందు నేల చూడు

నాగర్‌కర్నూల్

అల్లుడూ,

గద్వాలలో సీడ్ పత్తి కంపెనీలో కొలువు దొరికిందని, కొత్త బండి మీద చేన్లన్నీ తిరుగుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నడపడం నీకు బాగానే వచ్చు. నిలపడం గురించే నాలుగు మాటలు రాస్తున్నా.

నువ్వు పెరిగింది వనపర్తి దిక్కు ఎర్ర చెల్కల్లో. గట్టి మొరం మీద ఎక్కడ సైడ్ స్టాండ్ వేసినా చెల్లింది. ఇప్పుడు నువ్వున్న నడిగడ్డలో చెల్లదు. అలంపూర్, మానవపాడు వైపు నల్లరేగడి ఎండినప్పుడు బండలా ఉంటుంది, ఒక్క వానకు మెత్తబడిపోతుంది. తడి పెట్టిన చేను గట్టూ అంతే. సైడ్ స్టాండ్ అడుగున ఉండే రేకు అరచేయంత కూడా ఉండదు. నువ్వు చూస్తున్నంతసేపు బండి నిలబడే ఉంటుంది, చేన్లోకి పోయి వచ్చేసరికి స్టాండ్ దిగబడి ఎడమకు ఒరిగి ఉంటుంది. ఒక షాబాదు బండ ముక్క బ్యాగులో వేసుకో, స్టాండ్ కింద పెట్టు. మే నెలలో తారు కరిగే రోడ్ల మీద కూడా అది అక్కరకొస్తుంది.

బరువు సంగతి ఇంకా జాగ్రత్తగా విను. యూరియా బస్తా 45 కిలోలు. సైడ్ స్టాండ్ మీదున్న బండి వెనక సీటు మీద అది ఎత్తితే షాకులు కుంగి బండి కిందికి దిగుతుంది. స్టాండ్ పొడుగు మాత్రం తగ్గదు కదా, అందుకని వాలుగా ఉన్న బండి నిటారుగా లేస్తుంది. అప్పుడు కాస్త తగిలినా కుడి పక్కకు పడుతుంది. అందరూ ఎడమ పక్క కాచుకుని ఉంటారు! బస్తా అయినా, పాల క్యాను అయినా డబుల్ స్టాండ్ వేసిన తర్వాతే ఎత్తించు. ఆ స్టాండ్‌కు చేతి బలం అక్కర్లేదు. దాని రెండు కాళ్లూ నేలకు సమంగా ఆనాయని తెలిశాక నీ ఒంటి బరువంతా కుడి పాదం మీద మోపు, బండి దానంతట అదే వెనక్కి ఎక్కుతుంది.

అచ్చంపేట దాటి ఉమామహేశ్వరం గుట్టకు పోయినప్పుడు బండి ముఖం ఎగువకే పెట్టు, మొదటి గేరులో వదులు. దిగువకు పెడితే బండి ముందుకు జారుతుంది, సైడ్ స్టాండ్ వెనక్కి మడుచుకుంటుంది.

నిలిపిన బండి మీదికి పిల్లలు ఎక్కుతారు. ఇంటి ముందర సైడ్ స్టాండ్ మీద వదలొద్దు. ఈ ఒక్కటీ నా కోసం పాటించు.

ఆయిల్ చూసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి, వాలి ఉంటే లెక్క తప్పుతుంది. చైను తుడిచేటప్పుడు ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పు. గేరులో వేసి తిరిగే చైనుకు గుడ్డ పట్టేవాళ్లున్నారు, గుడ్డతో పాటు వేలూ పోతుంది. డబుల్ స్టాండ్ లేని బండికి ఇంజిన్ కింద రాయి పెట్టకు. వెనక చక్రాన్ని రెండు వైపులా ఎత్తి పట్టే ప్యాడాక్ స్టాండ్ ఉన్న షెడ్డుకు తీసుకుపో.

నీ కొత్త బండి స్టాండ్ దించి ఉంటే గేరులో కదలదు. మీ నాయన పాత బండికి ఆ ఏర్పాటు లేదు, పైగా స్టాండ్ స్ప్రింగు సాగి వేలాడుతోంది. ఎడమ మలుపులో అది నేలకు తగిలితే బండి విసిరేస్తుంది. ఈ శనివారం పెబ్బేరు సంతకు ఆయన దాని మీద బయలుదేరక ముందే స్ప్రింగు మార్పించు.

మీ మేనమామ