సంస్కృత నాటకాలలో అంగుళిముద్ర

ఉంగరానికి అంగుళీయకం, ఊర్మిక అనే పర్యాయపదాలు చెప్పిన అమరసింహుడు, అక్షరాలతో కూడిన ఉంగరానికి మాత్రం అంగుళిముద్ర అని వేరొక పేరు చెప్పాడు. ఈ భేదాన్ని గమనించినప్పుడే మన నాటకాలలో ఉంగరం నిర్వహించే పాత్ర బోధపడుతుంది. అక్కడ కథను నడిపేది రత్నం వెల కాదు, ఉంగరంపై చెక్కిన గుర్తు.

అభిజ్ఞానశాకుంతల ప్రథమాంకంలో శకుంతల ఋణం తీర్చడానికి దుష్యంతుడు తన ఉంగరం ఇవ్వబోతాడు. దానిపై పేరు చదివిన చెలికత్తెలు ఒకరినొకరు చూసుకొంటారు. తాను రాజునని దాచుకొన్న దుష్యంతుడు అది రాజు ఇచ్చినదని సర్దిచెప్పవలసి వస్తుంది. వీడ్కోలు వేళ రోజుకొక అక్షరం చొప్పున లెక్కించుమని శకుంతలకు చెప్పినదీ ఆ పేరునే. షష్ఠాంక ప్రవేశకంలో జాలరిని పట్టించినవీ ఆ అక్షరాలే. ఆ ఉంగరంలో రత్నమూ ఉన్నది. రాజు జాలరికి ఉంగరం వెలకు సమానమైన ధనం ఇప్పిస్తాడు. అయినా, రాజు ఆదరించినది అమూల్యరత్నాన్ని కాదనీ, దాన్ని చూడగానే ఆయనకు ఇష్టజనం జ్ఞప్తికి వచ్చి ఉంటుందనీ నగరరక్షకుడే ఊహిస్తాడు. కాళిదాసు ఈ మాటను ఒక అధికారి నోట పలికించడం గమనార్హం.

మాళవికాగ్నిమిత్రంలో గుర్తు అక్షరం కాదు, సర్పాకృతి. ధారిణీదేవి నాగముద్రాంగుళీయకం శిల్పి వద్దనుండి వచ్చినట్లు ప్రథమాంకంలోనే సూచితమైనది. చతుర్థాంకంలో విదూషకుడు పాము కరచినట్లు నటించి, విషచికిత్సకు సర్పముద్ర కావలెనన్న నెపంతో దాన్ని సంపాదించి మాళవికను చెరనుండి విడిపిస్తాడు. కావలి స్త్రీ ఆ ముద్రనే రాణి ఆజ్ఞగా స్వీకరించింది.

ముద్రారాక్షసంలో ఉంగరం కొలత కూడా కథాంగమైనది. పురుషుని వ్రేలికి తగినట్లు చేసిన రాక్షసుని ఉంగరం, ఆయన భార్య వ్రేలినుండి జారి చాణక్యుని చారునికి దొరుకుతుంది. చాణక్యుడు దానితోనే కూటలేఖకు ముద్ర వేయించి, రాక్షసుని మలయకేతువుకు దూరం చేస్తాడు. విశ్వాసచిహ్నమే వంచనకు సాధనమైనది.

కాబట్టి ఈ సందర్భాలలో ‘ఉంగరము’ అని మాత్రమే అనువదించి ఊరకుంటే విద్యార్థికి నగ కనిపిస్తుంది గాని ముద్ర కనిపించదు. అంగుళిముద్రకు సరియైన ‘ముద్దుటుంగరము’ అనే మాట మన భాషలోనే ఉన్నది. పాఠం చెప్పేటప్పుడు దాన్ని ఉపయోగించడం అర్థస్ఫూర్తికి మేలు.